జీతము లేని కొలువు

ఇంగ్లీషు భాషయందు "ఫ్రీ" అను ఒక్క మాటకు రెండర్థములు గలవు. వెల లేనిదియు ఫ్రీయే. బంధము లేనిదియు ఫ్రీయే. మన భాషయం దట్టి చిక్కు లేదు. మొదటిది ఉచితము, రెండవది స్వేచ్ఛ. ఈ వ్యాసమున చెప్పబోవు "ఫ్రీ సాఫ్ట్‌వేరు" రెండవ తెగకు చెందినది గనుక దానిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరనియే పిలుచుదము.

సాఫ్ట్‌వేరనగా కంప్యూటరునకు పని చెప్పు ఆజ్ఞల సముదాయము. దానిని మొదట మనుష్యులు చదువదగిన రూపమున వ్రాయుదురు. ఆ రూపమునకు సోర్సుకోడని పేరు. పిమ్మట దానిని యంత్రమునకు మాత్రమే తెలియు అంకెలుగా మార్చుదురు. అంగడిలో కొన్న ఆవకాయ జాడీని ఎంత పరీక్షించినను, అందలి ఉప్పు, కారము, ఆవపిండి పాళ్లు ఇంతింతయని చెప్పుట కష్టము గదా! అట్లే అంకెల రూపమున నున్న ప్రోగ్రామును జూచి దాని మర్మము గ్రహించుట మిక్కిలి దుర్ఘటము. పాళ్లు వ్రాసిన కాగితమునుగూడ జాడీతోబాటు ఇచ్చి, నీ యిష్టము వచ్చినట్లు వాడుకొనుము, చదువుము, మార్చుము, పొరుగువారికిని పంచిపెట్టుము అనుటయే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ అను పేర నిట్టి సాఫ్ట్‌వేరును నిర్మింపదలచినట్లు ప్రకటించెను. 1991లో ఫిన్లాండునందు విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ లైనక్సును వెలువరించెను.

ఇట్టి ప్రోగ్రాములను వేలకొలదిగ ఏర్చి కూర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు చేసి, ప్రజల కందించు సంఘములు కొన్ని గలవు. వానిలో డెబియను ఒకటి. పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి యగు ఇయన్ మర్డాక్ 1993 ఆగస్టు 16వ తేదీన దీనిని ప్రారంభించి, తాను వివాహమాడబోవు డెబ్రా పేరును తన పేరును జేర్చి దీనికి నామకరణము చేసెను. 2023 జూనులో వెలువడిన దీని 12వ కూర్పునందు 64,000కు పైగా ప్యాకేజీలు గలవు. ఇంత పనియు సుమారు వేయిమంది సభ్యులును, వారికి తోడ్పడు మరికొందరును చేయుచున్నారు. సంఘము వీరికి జీతమియ్యదు. నాయకుని సభ్యులే యేటేట ఓట్లచే నెన్నుకొందురు. ఆయనకును జీతము లేదు. వారి నిబంధనలలో నొకటి నాకు వింతగా దోచును: ఒకనికి పని యప్పగించినను, ఇష్టము లేనిచో అతడు దానిని చేయనక్కరలేదు, నిబంధనలకు విరుద్ధముగ నడువకున్న చాలును. ఇట్టి కట్టుబాటుతో ఏ ఆఫీసైన నొక్క దినము నడుచునా యని పెద్దలు నవ్వవచ్చును. డెబియను ముప్పది యేండ్లకు పైగా నడచుచున్నది.

ఇందు చేరుటకు పట్టము లక్కరలేదు. మొదట ఏదేని ప్రోగ్రామునందలి దోషమును గనిపెట్టి తెలుపుదురు. పిమ్మట దానిని సవరించి పంపుదురు. ఆ సవరణను పాత సభ్యుడొకడు పరిశీలించి తన పూచీపై లోనికి గైకొనును. ఇట్లు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచును. సభ్యత్వము కోరువాడు పాత సభ్యులను ముఖాముఖి కలిసికొని, గుర్తింపు పత్రమును జూపి, తన డిజిటల్ సంతకమునకు వారి సాక్ష్యము బడయుట వాడుక. ఒకరి నొకరు చూడకయే పనిచేయువారు గనుక ఈ జాగ్రత్త. వారి వార్షిక మహాసభ 2023 సెప్టెంబరులో మన దేశముననే, కేరళమందలి కొచ్చిలో జరిగినది.

క్రొత్త ప్రోగ్రాములు వ్రాయుటయే వీరి దినచర్యయని తలపరాదు. అది స్వల్ప భాగము. పగటి యుద్యోగము ముగించి, భోజనము చేసి, రాత్రి కంప్యూటరు ముందు కూర్చుండినవానికి మొదట గనబడునది ఫిర్యాదుల వరుస. "మీ ప్రోగ్రాము పనిచేయలేదు" అని మాత్ర మొకరు వ్రాయుదురు. ఏ కూర్పు? ఏమి చేయగా ఏమి జరిగెను? ఆ సంగతి యుండదు. మర్యాదగా మరల నడుగవలెను. జవాబు వచ్చినచో ఆ దోషమును తన కంప్యూటరులో పుట్టించి చూడవలెను. పుట్టనిచో, రోగిని జూడక మందిచ్చు వైద్యుని స్థితియే. వారము దినములు వెదకి తుదకు దిద్దునది ఒక్క పంక్తి కావచ్చును. ఆ పంక్తి మరియొక ప్రోగ్రామును చెరుపదుగదా యని మరల పరీక్షింపవలెను. ఇంత జేసినను, బాగుగ నడచునప్పుడు వ్రాయువా రరుదు. కుళాయిలో నీరు వచ్చునంతకాలము మనమును నీళ్లవానిని తలపము.

ఇందువలన అన్నము దొరకునా యని తలిదండ్రు లడుగుట న్యాయమే. నేరుగ దొరకదు. కొందరికి కంపెనీలు ఈ పనికే జీతమిచ్చుచున్నవి. పెక్కుమంది మాత్రము వేరు ఉద్యోగముచే జీవించుచు, తమ తీరిక వేళలను దీనికిత్తురు. ఐనను ఇచ్చట వ్రాసినది లోకమందరు చూడవచ్చును. తప్పున్నచో దేశాంతరమందలి నిపుణుడు కారణముతో సహా చూపును. అట్టి శిక్షణ ఫీజు చెల్లించి పొందుట కష్టము.

ఇచ్చట నొక చక్కని వాడుక గలదు. ఉద్యోగపు టొత్తిడియో, జబ్బో, వట్టి విసుగో, ఏ కారణముననైన పని సాగింపలేనివాడు తన ప్యాకేజీని "అనాథ"యని ప్రకటించును. ఆ పట్టికను జూచి మరియొకడు దానిని "దత్తత" గైకొనును. ఈ మాటలు నేను కల్పించినవి కావు. ఇంగ్లీషున వారు వాడునవియే. బరువును సిగ్గుపడక దించుకొన వీలుండుట గొప్ప యేర్పాటు. దించుకొన వీలులేని బరువు ఎట్టి యపాయమునకు దారితీయునో 2024లో లోకము చూచినది.

ఫైళ్ల పరిమాణమును తగ్గించు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాము గలదు. లైనక్సు కంప్యూటరులలో అది లేనిది అరుదు. దానిని చాలకాలము ముఖ్యముగ ఒక్కడే, జీతము లేక, కాపాడుచుండెను. 2022లో కొందరు అపరిచితులు పని యాలస్యమగుచున్నదని అతనిని తొందరపెట్టిరి. తన మనస్సు స్వస్థముగ లేదనియు, ఇది జీతము లేని వ్యాపకమనియు అతడు బహిరంగముగనే వ్రాసెను. ఆ కాలముననే జియా టాన్ అను పేర నొకడు మంచి సవరణలు పంపుచు, నమ్మకము సంపాదించి, క్రొత్త కూర్పులను వెలువరించు అధికారము పొందెను. తుదకు 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పులలో నొక దొంగదారిని దాచెను. దానిచే దూరమునుండియే పరుల కంప్యూటరులలో జొరబడ వీలగును.

ఆ దొంగతనమును పట్టుకొన్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. అతడు పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు పనిలో భాగముగ వేగమును కొలుచుచుండగా, డెబియను యంత్రములోనికి దూరమునుండి ప్రవేశించుటకు సుమారు అర సెకను అధికముగ పట్టుచుండెను. అర సెకనేగదా యని వదలక, మూలము వెదకి, మార్చి 29వ తేదీన లోకమునకు దెలిపెను. అప్పటికా కూర్పు డెబియను పరీక్షాశాఖలకు వచ్చియుండెను గాని, ప్రజలు వాడు స్థిరమైన కూర్పున చేరలేదు. మొదటి కాపరియే మరల పూనుకొని, ఆ విషమును తొలగించి, మే 29న 5.6.2 కూర్పును విడుదల చేసెను.

మన తెలుగునకును ఈ సేవకులవలన మేలు గలిగినది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు కల్పించిన పోతన, వేమన అను అక్షరరూపములు స్వేచ్ఛగా వాడుకొనదగినవి. మెనూలను, హెచ్చరికలను తెనిగించుటకు ప్రోగ్రాము వ్రాయ నేర్వనక్కరలేదు. మంచి తెలుగును ఓపికయు నున్న చాలును. మన పై తరగతుల విద్యార్థులలో నెవరైన మొదటి దోషనివేదికను వ్రాయదలచినచో మూడు సంగతులు మరువకుడు: ఏ కూర్పు వాడితిరి, ఏమి చేసితిరి, ఏమి జరిగెను. తుదిని ధన్యవాదముగ నొక వాక్యము చేర్చినను తప్పులేదు.