హైదరాబాదు పేరుగల యుద్ధవిమానము: ఒక కఱ్ఱనమూనా కథ

కావ్యములును వ్యాకరణమును చదివి, ముప్పదియేండ్లకు పైగా ఎల్లారెడ్డి ప్రాంతపు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పిన పంతులు విమానముల గూర్చి ప్రసంగింపబూనుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. మా యింటివారును మొదట నవ్విరి. ఉద్యోగము విరమించిన పిదప చేతులు ఊరకుండక, ఒక పాత యుద్ధవిమానమునకు నమూనా చేసితిని. అంగడిలో పెట్టె కొని, అందలి ముక్కలను అతికించునట్టిది కాదు. దుంగ మొదలుకొని ప్రతిభాగమును చేతితో చెక్కినది. పదునొకండు మాసములు పట్టినది.

ఆ విమానమే యెందుకు? దానికిని మన ప్రాంతమునకును ఒక సంబంధము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారి 110వ విమానదళమునకు డీ.హెచ్. 9ఏ అను బాంబువిమానములను కానుకగా నిచ్చెను. వానిపై దాతపేరు వ్రాయబడియుండెను. అందొకటి 1918 అక్టోబరు 5వ తేదీని జర్మనులకు చిక్కి, బెర్లినులో ప్రదర్శింపబడి, పిదప పోలండుదేశము చేరి, 1977లో ఇంగ్లాండునకు మరలి, నేడు లండనులోని రాయల్ ఎయిర్‌ఫోర్సు మ్యూజియములో నున్నది. రెండవ ప్రపంచయుద్ధమున 152వ దళమునకును 253వ దళమునకును హైదరాబాదు పేరు చేరెను. 253వ దళమువారు హరికేన్ విమానములను, 152వ దళమువారు స్పిట్‌ఫైర్ విమానములను నడపిరి. 152వ దళపు చిహ్నములో నిజాము దస్తారు కలదు. దానిక్రింద ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అను అర్థముగల ఆంగ్లవాక్యము. ఈ దళము 1940 వేసవిలో దక్షిణ ఇంగ్లాండులోని వార్మ్‌వెల్ నుండి జర్మనులతో పోరాడినది. 1944లో మన తూర్పుసరిహద్దున ఇంఫాలు దిక్కునకును వచ్చినది. నేను చేసినది ఆ 1940 నాటి స్పిట్‌ఫైర్.

నమూనా యనగా ముందు లెక్క. అడుగునకు అర అంగుళము చొప్పున, అనగా 24వ వంతుగా చేయ నిశ్చయించితిని. అసలు విమానము రెక్క కొననుండి కొనకు 36 అడుగుల 10 అంగుళములు, పొడవు 29 అడుగుల 11 అంగుళములు. త్రైరాశికము వేయగా నమూనా వెడల్పు 18.4 అంగుళములు, పొడవు 15 అంగుళములకు వెండ్రుకవాసి తక్కువ. ఇంతవఱకు లీలావతి చదివిన పిల్లవాడును చేయును.

కఱ్ఱ పొనికి. కామారెడ్డి నుండి ఉత్తరముగా పోవు పెద్దబాటనే నిర్మలు చేరి, బొమ్మలు చేయువారియొద్ద తెచ్చుకొంటిని. పొనికి తేలిక, మెత్తన. ఉలి చెప్పినట్లు వినును. కాని పచ్చిగానున్నచో నమ్మరాదు. కామారెడ్డిలో నాకు తెలిసిన వడ్రంగి యొకడు నా దిమ్మెను గోటితో నొక్కి, ‘ఇది ఇంకా ఎండలే పంతులూ. ఇప్పుడు చెక్కితె మెలి పడ్తది’ అనెను. నీడలో రెండుమాసములు ఆరబెట్టితిని. అతని మాట వినుట నాకు మేలైనది. ఆ మేలు ఎట్టిదో ముందు చెప్పుదును.

వినకపోయిన మాట వేఱొకటి కలదు. అది నా గురువులు చెప్పినదే: మూలముతో పోల్చక ప్రతిని నమ్మవలదని. తాళపత్రముల విషయమున దానిని జీవితమంతయు పాటించితిని. విమానపటము విషయమున మఱచితిని. రెక్కల పటమును ఒక దుకాణమున నకలు తీయించి, ఆ కాగితమును కఱ్ఱపై అంటించి, గీతవెంబడి రెక్కలు రెండును చెక్కితిని. మొండెమును మాత్రము లెక్కప్రకారము కొలిచి చేసితిని. రెంటిని దగ్గఱపెట్టి చూడగా పక్షికి పిల్లరెక్కలు తగిలించినట్లుండెను. కొలువగా 18.4 అంగుళములుండవలసినవి 17.8 మాత్రమే. నకలుతీయు యంత్రము నూటికి మూడుపాళ్లు పైగా తగ్గించినది. తప్పు యంత్రమునది కాదు, కొలబద్ద పెట్టని నాది. ఆఱువారముల పని వ్యర్థమయ్యెను. నాటినుండి పటముమీద తెలిసిన కొలతగల గీతనొకదానిని మొదట కొలిచిగాని ఉలి పట్టుటలేదు.

రెండవమారు రెక్కను నేనే గీయ బూనితిని. స్పిట్‌ఫైర్ అందమంతయు దాని రెక్కలోనున్నది. 1936 మార్చి 5వ తేదీని మొదటిసారి ఎగిరిన ఈ విమానమునకు కర్త మిచెల్ అను ఇంజనీరు. అతడు మఱుసటియేడు జూనులో మరణించెను, యుద్ధమున దాని ప్రతాపము చూడలేదు. రెక్క దీర్ఘవృత్తాకారము. అయితే ఒకే దీర్ఘవృత్తము కాదు: ముందరియంచు తక్కువవంపు, వెనుకటియంచు ఎక్కువవంపు. రెండు మేకులు, ఒక దారముతో దీర్ఘవృత్తము గీయుట మీరెఱిగినదే. వెనుకటియంచు అట్లు గీయవచ్చును. ముందరియంచునకు మేకులు దాదాపు రెక్కకొనలకే పోవును. దారము చేతికి లొంగదు. అప్పుడు ఉపాయమేమనగా, రెక్క సగము పొడవు వ్యాసార్ధముగా పూర్ణవృత్తము గీసి, అచ్చటచ్చట దాని ఎత్తులను కొలిచి, అన్నిటిని ఒకే నిష్పత్తిలో తగ్గించి చుక్కలు పెట్టుట. చుక్కలమీదుగా సన్నని వెదురుబద్దను వంచి గీసినచో వంపు దోషములేక వచ్చును.

ఇక వడ్రంగిమాట. స్పిట్‌ఫైర్ రెక్క పలకవలె ఒకే తీరున ఉండదు. మొదట రెండు డిగ్రీలు గాలికి ఎదురెత్తి, కొనకు పోవుకొలది ఆ వాలు తగ్గి, కొనయందు అర డిగ్రీ క్రిందికే దిగును. చాటతో చెఱుగునపుడు చాట వాలును మార్చినచో గాలి మాఱుట చూచుచున్నారు కదా! విమానము వేగముతగ్గి ముక్కు మిక్కిలి ఎత్తినపుడు రెక్కపై గాలి ప్రవాహము చెదరి, మోయుశక్తి పోవును. రెక్కకొనలు అతివాలుగా నున్నచో మొదట అచ్చటనే పోయి విమానము ఒకప్రక్కకు పల్టీకొట్టును. కొనల వాలు తక్కువగుటచే ముందు మొదలు చెదరును. విమానము వణకి నడపువానికి హెచ్చరిక యిచ్చును. కొనలయందలి అదుపుపలకలు ఇంకను పనిచేయుచుండును. పచ్చికఱ్ఱ ఆఱునపుడు మెలిపడుట ఈ వాలునకు విరుద్ధముగా జరిగినచో, కన్నులకు తెలియకయే నమూనా అబద్ధమగును. మఱియు రెక్కలు కొనలయందు పైకెత్తియుండును, ఆఱు డిగ్రీలు. నా కొలతలో అంగుళమునకు కొంచెము తక్కువ.

తక్కిన పనులు త్వరగా చెప్పుదును. అతుకుల సందులను పొనికిపొట్టు, చింతగింజలపిండి కలిపిన మక్కుతో పూడ్చి, ఉప్పుకాగితముతో నునుపు చేసితిని. నడపువాని గాజుగుల్లకు ఉపాయము మనుమడు చెప్పెను: కఱ్ఱతో గుల్ల ఆకారము చెక్కి, నీళ్లసీసా అడుగు కోసి, లోపల దూర్చి, నిప్పుసెగ చూపవలెను. ప్లాస్టిక్ ముడుచుకొని కఱ్ఱను హత్తుకొనును. మూడుసీసాలు మాడినవి, నాలుగవది కుదిరినది. పైన ఆకుపచ్చ, మట్టిరంగు పట్టెలు, క్రింద లేతరంగు, ప్రక్కలను దళపు గుర్తైన యూ, ఎం అను అక్షరములు.

రంగు ఆఱుచుండగా ఎల్లారెడ్డిలో తొంబదియేండ్లకు దగ్గఱగానున్న రైతు ఒకరు చూడవచ్చిరి. సంగతి విని, ‘మా తాత కట్టిన శిస్తు గిండ్ల లేదా పంతులూ? ముక్కు మీద హైదరాబాదు అని రాయి’ అనిరి. నాకును వ్రాయవలెనని మనసు లాగినది. సర్ఫెఖాసు రాబడియైనను, దివానీ రాబడియైనను, రెండును దుక్కిదున్నినవాని చేతినుండి వచ్చినవే. కాని నేను ముందుంచుకొని పనిచేసిన ఛాయాచిత్రములో ముక్కుమీద ఆ మాట లేదు. లేని పాఠమును మూలములో చేర్చుట మా చదువులో మహాపరాధము. ‘తాతా, విమానముమీద వ్రాయను, పీటమీద వ్రాయుదును’ అంటిని. ఆయనకు కోపము వచ్చినది. రెండువారములు మా వాకిలి త్రొక్కలేదు.

పీటమీద తెలుగున దళముపేరు, ఏడు, ‘నిజాము రాజ్యపు రైతుల శిస్తు’ అని వ్రాసి కబురుపెట్టితిని. వచ్చిరి. అక్షరములను వ్రేలితో తడవి, ‘అప్పుడు దీని ధర ఎంత?’ అని అడిగిరి. చందాలు పోగుచేయుటకై బ్రిటనులో ఒక స్పిట్‌ఫైరునకు కట్టిన ధర అయిదువేల పౌనులనియు, నాటి మారకమున అది దాదాపు 66 వేల కల్దారు రూపాయలనియు చెప్పితిని. ఆయన అరుగుపై కూర్చుండి, వ్రేళ్లు ముడిచి తమ తాతగారి మళ్లకు లెక్కవేయ నారంభించిరి. టీ చల్లాఱినను ఆ లెక్క ముగియలేదు.