బొమ్మ పక్కన బిడ్డ: బ్రిటన్ బాలల టీవీ మిశ్రమ శైలి, తెలుగుకు మిగిలిన పని

న్యూఢిల్లీ: నలుగురైదుగురు చిన్నారులు తోటలో ఆడుకుంటూ ఉంటారు. వారి మధ్యకు పెద్ద తల, గుండ్రని కళ్లు గల చిట్టి ప్రాణులు వస్తాయి. పిల్లలతో కలిసి దాగుడుమూతలు ఆడతాయి. యోగాసనాలను పోలిన కదలికలు చేస్తాయి. సంతోషం కలిగితే నేల విడిచి గాలిలో తేలిపోతాయి. పిల్లలు నిజమైనవారు. ఆ ప్రాణులు మాత్రం కంప్యూటర్‌లో పుట్టాయి. 2009లో బ్రిటన్‌లో బీబీసీ చిన్నపిల్లల ఛానల్ సీబీబీస్‌లో మొదలైన ‘వేబులూ’ కార్యక్రమం తీరు ఇది. అందులోని వ్యాయామానికి పెట్టిన ‘యోగో’ అనే పేరులోనే మన యోగా ధ్వనిస్తుంది.

నటులను, నిజమైన స్థలాలను కెమెరాతో చిత్రించి, ఆ దృశ్యంలోనే కంప్యూటర్ యానిమేషన్ పాత్రలను కలిపే పద్ధతి సినిమాకు కొత్త కాదు. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రంలో సుదీప్ ఎదుట ఎగిరిన ఈగను హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ కంప్యూటర్‌లో సృష్టించిన సంగతి తెలుగు ప్రేక్షకులకు తెలిసిందే. అయితే ఈ పద్ధతిని మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం, రోజువారీ టీవీ కార్యక్రమాల్లో, పరిమిత వ్యయంతో నిలకడగా వాడిన దేశాల్లో బ్రిటన్ ముందువరుసలో ఉంది. అది అక్కడ ఎలా సాధ్యమైంది, తెలుగులో అటువంటి కార్యక్రమం రావాలంటే ఏం కావాలి అన్నవి పరిశీలించదగిన అంశాలు.

పసిపాప ముఖంతో సూర్యుడు

1997లో బీబీసీలో ప్రారంభమైన ‘టెలిటబ్బీస్’లో ఆకాశంలోని సూర్యుడికి నవ్వే పసిపాప ముఖం ఉండేది. విడిగా చిత్రించిన పాప ముఖాన్ని సూర్యబింబంలో అతికించారు. రెండు వేర్వేరు చిత్రాలను ఒకే దృశ్యంగా కూర్చే ఈ పనే మిశ్రమ శైలికి పునాది. 2007లో వచ్చిన ‘ఇన్ ద నైట్ గార్డెన్’లో దుస్తులు ధరించిన నటులు, తోలుబొమ్మలకు దూరపు బంధువుల వంటి పపెట్లు, కంప్యూటర్ చిత్రాలు ఒకే అడవిలో కలిసిపోయాయి.

అదే ఏడాది మొదలైన ‘నీనా అండ్ ద న్యూరాన్స్’ మరో దారి పట్టింది. నీనా అనే శాస్త్రవేత్త పాత్రను నటి పోషిస్తారు. ఆమె మెదడులోని ఐదు నాడీకణాలు కంప్యూటర్ పాత్రలు. చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ అనే ఐదు ఇంద్రియ జ్ఞానాలకు అవి ప్రతినిధులు. పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడంలో ఏ ఇంద్రియం సాయం కావాలో దానికి సంబంధించిన పాత్ర ముందుకు వస్తుంది. కంటికి కనిపించని శరీర వ్యవస్థను బొమ్మ చూపిస్తే, చేతితో చేయవలసిన ప్రయోగాన్ని మనిషి చేసి చూపిస్తారు. ఈ శైలి ప్రయోజనం ఈ పని విభజనలోనే ఉంది.

లేని స్నేహితుడిని చూడడం

చిత్రీకరణ సమయంలో యానిమేషన్ పాత్ర అక్కడ ఉండదు. నటులు శూన్యం వైపు చూస్తూ మాట్లాడాలి. పెద్దలైతే అభ్యాసంతో నెట్టుకొస్తారు. నాలుగేళ్ల పిల్లవాడికి అది అలవికాని పని. అందుకే పాత్ర ఎత్తుకు సరిపోయేలా కర్రకు బంతి కట్టడమో, అదే పరిమాణంలో బొమ్మను నిలబెట్టడమో చేస్తారు. పిల్లల చూపు దానిపై నిలిచాక, బొమ్మను తీసివేసి ఖాళీ స్థలాన్ని మరోసారి చిత్రిస్తారు. తర్వాత ఆ ఖాళీలో కంప్యూటర్ పాత్రను నిలుపుతారు.

అక్కడి వెలుగు ఏ దిక్కు నుంచి పడుతోందో తెలుసుకోవడానికి అద్దంలా మెరిసే గోళాన్ని, బూడిదరంగు గోళాన్ని చిత్రించి పెట్టుకుంటారు. కెమెరా కదిలితే ఆ కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టి, పాత్రను కూడా అదే లెక్కలో కదిలించాలి. చివరగా పాత్ర పాదాల కింద నీడ వేయాలి. నీడ సరిగా పడకపోతే పాత్ర నేలపై నిలబడినట్లు కాక, తెరపై అంటించినట్లు కనిపిస్తుంది. కెమెరాను వీలైనంత స్థిరంగా ఉంచడం, పిల్లలు యానిమేషన్ పాత్రను తాకే సన్నివేశాలను తగ్గించడం ఖర్చును అదుపులో పెట్టే మార్గాలు.

గడ్డి లేని నేల కోసం వెతుకులాట

ఒకసారి చేసిన ఖరీదైన పనిని మళ్లీ వాడుకోవడం మరో మార్గం. 1999లో బీబీసీ ప్రసారం చేసిన ‘వాకింగ్ విత్ డైనోసార్స్’లో నిజమైన ప్రకృతి దృశ్యాల్లో కంప్యూటర్ డైనోసార్లను నడిపించారు. 2014లో సీబీబీస్‌లో వచ్చిన ‘ఆండీస్ డైనోసార్ అడ్వెంచర్స్’లో ఇటువంటి పాత ధారావాహికల దృశ్యాలను తీసుకుని, వాటి మధ్యకు ఆండీ అనే వ్యాఖ్యాతను ప్రవేశపెట్టారు. పెద్దల కోసం పెట్టిన పెట్టుబడి పదిహేనేళ్ల తర్వాత పసిపిల్లల పాఠంగా మారింది.

ఆ పాత ధారావాహిక చిత్రీకరణకు గడ్డి మొలవని ప్రదేశాల కోసం వెతకవలసి వచ్చింది. డైనోసార్ల కాలంలో గడ్డి లేదన్నది అప్పటి అవగాహన. 2005లో ఆ అవగాహన మారింది. మధ్య భారతంలో దొరికిన, శిలగా మారిన డైనోసార్ పేడలో గడ్డిజాతి మొక్కల సూక్ష్మ అవశేషాలు ఉన్నాయని లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన వెల్లడించింది. పిల్లలకు చూపే దృశ్యం ఎంత అందంగా ఉన్నా, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవలసి ఉంటుందని ఈ ఉదంతం చెబుతోంది. కథకు ముడిసరుకు కోసం తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. తెలంగాణలోని యామనపల్లి ప్రాంతంలో బయటపడిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

డబ్బింగ్‌కు లొంగని పెదవులు

పూర్తిస్థాయి కార్టూన్‌ను తెలుగులోకి మార్చడం తేలిక. బొమ్మ నోరు తెరిచి మూస్తుందే తప్ప ప్రతి అక్షరాన్నీ కచ్చితంగా పలకదు. మనిషి ముఖం దగ్గరగా కనిపించినప్పుడు పరిస్థితి వేరు. ప, బ, మ వంటి ఓష్ఠ్యాలకు పెదవులు కలవాలి. ఇంగ్లిష్ వ్యాఖ్యాత పిల్లలను ‘కమ్’ అని పిలిస్తే చివరికి పెదవులు మూసుకుంటాయి. తెలుగులో ‘రా’ అంటే నోరు తెరుచుకునే ఉంటుంది. ‘స్టాప్’, ‘జంప్’ వంటి పిల్లల ఆటమాటలకూ ఇదే చిక్కు. తెలుగు అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. తెరపై మూసిన పెదవులకు, వినిపించే తెరిచిన అచ్చుకు పొత్తు కుదరదు.

సంబోధన అంతకంటే పెద్ద సమస్య. ఇంగ్లిష్ వ్యాఖ్యాత కెమెరా వైపు చూసి పలికే ఒకే సర్వనామం ఒక్క బిడ్డకూ వర్తిస్తుంది, లక్షమందికీ వర్తిస్తుంది. తెలుగులో ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా తేల్చుకోక తప్పదు. ‘మీరు’ అంటే తరగతి గదిలా వినిపిస్తుంది. ‘నువ్వు’ అంటే ఇంట్లో మనిషి పలకరించినట్లు ఉంటుంది. తెలుగు ఇళ్లలో పసివాడిని ‘నాన్నా’ అని, చిన్నపిల్లను ‘అమ్మా’ అని పిలిచే ఆప్యాయతకు మూలంలో సమానమైన మాటే ఉండదు. హిందీ మీదుగా అనువాదం జరిగినప్పుడు ఈ దూరం ఇంకా పెరుగుతుంది. మిశ్రమ శైలిలో మనిషి పాత్ర బలం పిల్లల కళ్లలోకి చూసి మాట్లాడడంలో ఉంది. అరువు గొంతుతో మొదట సడలేది ఆ బలమే.

ఢిల్లీ అనుభవం

భారత్‌లో పిల్లలకు టీవీ ద్వారా చదువు చెప్పే ప్రయత్నాలకు ఢిల్లీయే తొలి వేదిక. 1959లో ఇక్కడే ప్రయోగాత్మక ప్రసారాలు మొదలయ్యాయి. 1961లో నగర పాఠశాలలకు టీవీ పాఠాలు అందాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ఉపగ్రహ బోధన ప్రయోగం ‘సైట్’ ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. అందులో పిల్లల కార్యక్రమాలను తెలుగులోనూ ప్రసారం చేశారు. అవి డబ్బింగ్ కాదు, ఆ భాషలో ఆ పిల్లల కోసమే తయారైనవి.

2006లో వచ్చిన ‘గలీ గలీ సిమ్ సిమ్’ ఈ వరుసలో మరో మెట్టు. అమెరికాలోని ‘సెసమీ స్ట్రీట్’కు భారతీయ రూపమైన ఈ కార్యక్రమంలో నటులు, పపెట్లు, యానిమేషన్ ముక్కలు, నిజజీవిత చిత్రాలు కలిసి ఉండేవి. పరాయి వీధిని హిందీ గొంతులతో చూపకుండా, మన గల్లీనే కొత్తగా కట్టారు. బడి దుస్తుల్లో ఉండే ఐదేళ్ల చమ్కీ అనే బొమ్మ ఆడపిల్ల చదువుకు ప్రతీకగా నిలిచింది. విదేశీ నమూనాను తీసుకున్నా మనుషులను, వీధిని, పలకరింపును స్థానికంగా తయారు చేసుకోవచ్చని ఢిల్లీ కేంద్రంగా సాగిన ఈ కృషి చూపింది.

తెలుగులో సాంకేతిక నైపుణ్యానికి కొరత లేదు. 2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టి. అదే కథను నటులతో, కంప్యూటర్ దృశ్యాలతో తీసిన చిత్రం 2024 మే నెలలో థియేటర్లకు వచ్చింది. సన్ నెట్‌వర్క్ వారి ఖుషీ టీవీ, 2021లో 12 భాషల్లో ప్రారంభమైన ఈటీవీ బాలభారత్ తెలుగు పిల్లలకు అందుబాటులోకి వచ్చాయి. అయినా పిల్లల ఛానళ్ల కాలంలో అధికభాగం కార్టూన్లదే. చిన్నారితో నేరుగా మాట్లాడే మనిషి కనిపించడం అరుదు.

పిల్లల శ్రమ, తెర ముందు సమయం

ఇటువంటి కార్యక్రమాలకు నిజమైన పిల్లలు కావాలి కనుక చట్టం కూడా తోడుంటుంది. 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం చిత్రీకరణలో బాలలను రోజుకు 5 గంటలకు మించి పనిచేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పని ఉండకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. సాంకేతిక కారణాలతో ఒకే సన్నివేశాన్ని పదేపదే తీయవలసి వచ్చే మిశ్రమ శైలిలో ఈ పరిమితులను ప్రణాళిక దశలోనే లెక్కలోకి తీసుకోవాలి.

తెర ముందు కూర్చునే పిల్లల విషయంలోనూ హద్దులున్నాయి. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపవద్దని, రెండు నుంచి ఐదేళ్లవారికి పెద్దల పర్యవేక్షణలో రోజుకు గంటకు మించరాదని భారతీయ శిశువైద్యుల అకాడమీ సూచిస్తోంది. ఎదురుగా ఉన్న మనిషి నుంచి నేర్చుకున్నంతగా పసిపిల్లలు వీడియో నుంచి నేర్చుకోలేరని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. అందుకే మంచి కార్యక్రమాల్లో వ్యాఖ్యాత ప్రశ్న అడిగి, జవాబు కోసం కాసేపు ఆగుతారు. ఆ విరామంలో పక్కనున్న తల్లి, తాత, అమ్మమ్మ కలగజేసుకోగలిగితే తెర సంభాషణకు సాధనం అవుతుంది.

ఆ ఒక్క గంట ఏ భాషలో గడుస్తుందన్నది ప్రవాస కుటుంబాలకు మరింత ముఖ్యం. ఢిల్లీలో 1948లో దుర్గాబాయ్ చొరవతో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు తరాలుగా తెలుగు నేర్పుతున్నాయి. కానీ బడి ఈడు రాకముందే బిడ్డ చెవిన పడే మాటలే భాషకు నారుమడి. వీధిలో హిందీ, ప్లేస్కూల్‌లో ఇంగ్లిష్ వినే నోయిడా, గురుగ్రామ్ తెలుగు పసివాడికి ఇంటివారి తర్వాత తెలుగులో పలకరించే గొంతు తెరదే కావచ్చు. బొమ్మను ఏ దేశంలోనైనా గీయవచ్చు. బొమ్మ పక్కన నిలబడి, ‘ఏం నాన్నా, నువ్వేమంటావు?’ అని అడిగి జవాబు కోసం ఆగే మనిషిని మాత్రం తెలుగులోనే తయారు చేసుకోవాలి.