నేత్రాణికి వెళ్తున్నారా? ముందు ప్లాను, తర్వాతే డైవింగు!

"అమ్మా, ఈసారి సెలవులకి స్కూబా డైవింగుకి వెళ్దాం, నువ్వూ దిగాలి" అని బెంగుళూరులో ఉన్న కూతురు ఫోన్ చేస్తే ఆదోనిలో ఉన్న అమ్మ ఏమంటుంది? "మంత్రాలయంలో తుంగభద్రలో మూడు మునకలేయడానికే భయం, నాకెందుకే ఆ సముద్రం!" అంటుంది. కానీ మనసులో ఓ మూల ఆశ ఉండనే ఉంటుంది. ఆ ఆశ ఉన్నవారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకి అందుబాటులో ఉన్న చోటు కర్ణాటకలోని నేత్రాణి దీవి. మురుడేశ్వర్ తీరం నుంచి సుమారు 19 కిలోమీటర్లు. పడవలో గంటా గంటన్నర పడుతుంది. గుంతకల్లు నుంచి బళ్ళారి, గదగ్ మీదుగా హుబ్బళ్ళి దాకా రైలు, అక్కణ్ణించి ఘాట్ రోడ్డు. కన్నడం మనకి కొత్త కాదు కనుక నేర్పేవాళ్ళ మాట అర్థం కాదన్న బెంగ లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అలలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన నెలలు.

కుక్కర్ చెప్పే పాఠం

విజిల్ వేసేటప్పుడు ప్రెషర్ కుక్కర్లో ఉండే ఒత్తిడి బయటి గాలికి దాదాపు రెండింతలు. సముద్రంలో 10 మీటర్ల లోతున మన మీద పడే ఒత్తిడీ అంతే. అందుకే చెవులు దిబ్బళ్ళు వేస్తాయి. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. జలుబు చేసి ఉంటే సర్దుకోవు, ఆ రోజు దిగకండి.

లోతులో పీల్చిన గాలి పైకి వస్తుంటే ఉబ్బుతుంది. కాబట్టి నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. మొదటిసారి దిగేవారికి 12 మీటర్లే హద్దు. ఈత రానివారైతే, తమకొక్కరికే ఒక శిక్షకుడు ఉంటారో లేదో డబ్బు కట్టకముందే అడగాలి. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం!

ఫారంలో దాచకండి

పడవ ఎక్కేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు, బీపీ, షుగరు, మూర్ఛ, చెవి ఆపరేషను ఉన్నాయా అని అడుగుతారు. "ఇంత దూరం వచ్చాం, పిల్లల సరదా పాడవుతుంది" అని అన్నిటికీ 'లేదు' అని రాసేస్తాం మనం. ఇంట్లో జబ్బు దాచుకుంటే మందుతో సరిపోవచ్చు, నీళ్ళ అడుగున దాచుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. వీటిలో ఏది ఉన్నా బయల్దేరకముందే మన ఊళ్ళోనే డాక్టరుకి చూపించి కాగితం రాయించుకోండి. గర్భిణులు అసలు దిగకూడదు.

ముందు సముద్రం, తర్వాత దర్శనం

లోతులో ఒంట్లో కలిసిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. వెంటనే ఎత్తుకి వెళితే, గోలీసోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. డైవింగు తర్వాత 18 గంటలు విమానం ఎక్కవద్దంటారు. ఘాట్ ఎక్కేముందు కూడా ఓ రాత్రి ఆగడం మంచిది. అందుకే చేరిన మర్నాడు పొద్దున్నే సముద్రం, ఆ సాయంత్రం తీరిగ్గా స్వామి దర్శనం. 123 అడుగుల శివుణ్ణి చూసి, నిద్రపోయి, మూడో రోజు బయల్దేరండి.

గాజులు, మెట్టెలు, చెవి జుంకాలు తీసి ఇంట్లోనే భద్రం చేసుకోండి. మంగళసూత్రం సూటు లోపలికి వేసుకోవచ్చు. పొద్దున కొంచెం ఉగ్గాని తింటే చాలు, మిరపకాయ బజ్జీలు ఒడ్డుకొచ్చాక!

అన్నీ సరిచూసుకున్నా, పడవ మీద మనసు ఒప్పకపోతే "నేను దిగను" అనండి. పిల్లలు చేపల కబుర్లు చెబుతారు. దిగారా, ఆ కబుర్లు మీరే చెప్పవచ్చు.