ఇంటి వయసు లెక్క

ఇల్లు కట్టిన నాటి నుంచే అరుగుతూ ఉంటుంది. గోదావరి డెల్టాలో బంకమట్టి నేల వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది; పునాది కదిలి గోడ పగులుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో నేలలోని ఉప్పునీరు, దీపపు వత్తిలోకి నూనె పాకినట్లు, ఇటుకల్లోకి ఎగబాకుతుంది. నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు స్ఫటికాలుగా పెరిగి గోడపూతను పెళ్లలుగా రాలుస్తుంది.

మరి ఇంటిపన్ను వేసేవారు ఈ అరుగుదలను ఎలా కొలుస్తారు? సులభమైన దారి వయసే. 6 లక్షల రూపాయలతో కట్టిన ఇల్లు 60 ఏళ్లు నిలుస్తుందనుకోండి. ఏటా తరుగు 10,000 రూపాయలు. 15 ఏళ్లకు లక్షన్నర. స్థలం ధరను ఇందులో కలపరు. నేల అరగదు కదా! (గోదావరి కోతకు భూములు పోయిన లంకల రైతులు ఈ మాట ఒప్పుకోరనుకోండి.)

భీమవరం, అమలాపురం వంటి పట్టణాల్లో 2021 వరకు పన్నుకు ఆధారం ఏడాది అద్దె విలువ. 1965 నాటి పురపాలక చట్టం ప్రకారం అందులో కట్టడం వాటా నుంచి కొంత తగ్గించేవారు: వయసు 25 ఏళ్ల వరకు 10 శాతం, 40 వరకు 20, ఆపైన 30. కట్టడం వాటా 3,000 రూపాయలైతే 25 ఏళ్ల ఇంటికి తగ్గేది 300. మరుసటి ఏడాది ఒక్కసారిగా 600! ఉప్పు తినేసిన 20 ఏళ్ల ఇంటికి మాత్రం 10 శాతమే. ఇది న్యాయమనిపించదు, అయితే ప్రతి గోడనూ తట్టి చూడటం ఎవరి తరం?

2021 ఏప్రిల్ నుంచి ఆధారం ఆస్తి మూలధన విలువ. అందులో స్థలం ధర కూడా ఉంటుంది. కనుక ఇల్లు అరిగినా, స్థలం ధర పెరిగితే పన్ను తగ్గకపోవచ్చు.