మలబద్ధకం: ఆహార విహారాలే తొలి ఔషధం

యాత్రికుల వసతిగృహం చెంతనున్న ఉచిత వైద్యశాలలో కొన్నేళ్లుగా సేవ చేస్తున్నాను. మోకాళ్ల నొప్పులు, జ్వరం, కళ్లు తిరగడం వంటివి భక్తులు ధారాళంగా చెప్పుకుంటారు. ఒక్క బాధను మాత్రం, పక్కవారు లేచి వెళ్లాక, గొంతు తగ్గించి చెబుతారు. "డాక్టరుగారూ, ఊరు బయలుదేరి మూడు రోజులైంది. విరేచనం కాలేదు." పుణ్యక్షేత్రంలో ఈ మాట ఎత్తరాదని వారి సంకోచం. మన పూర్వులకు అటువంటి సంకోచం లేదు. బలవంతాన ఆపుకోరాని 13 వేగాలను చరక సంహిత సూత్రస్థానం పేర్కొన్నది. మలవేగం వాటిలో ఒకటి.

ఆపుకుంటే జరిగేది ఇది. పెద్దప్రేగు నీటిని పీల్చుకుంటూ ఉంటుంది. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంతగా ఎండి గట్టిపడుతుంది. గట్టిపడితే విసర్జనలో నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం. యాత్రలో ఇందుకు అన్నీ అనుకూలిస్తాయి. దారిలో మరుగుదొడ్డి దొరకదని స్త్రీలు బస్సు ఎక్కకముందే నీరు మానేస్తారు. క్యూలో స్థానం పోతుందని వేగాన్ని అణచుకుంటారు. పులిహోర, దద్ధ్యోదనం, లడ్డూలతోనే పూటలు గడిచిపోతాయి. ప్రసాదాన్ని కళ్లకద్దుకొని స్వీకరించవలసిందే. అయితే దానినే మూడు పూటలా భోజనం చేసుకుంటే కడుపుకు పీచు అందదు.

రోజూ కాకపోతే అది వ్యాధేనా అని పలువురు అడుగుతారు. కాదు. సుఖంగా అవుతున్నంతవరకు రోజుకు మూడుసార్లయినా, వారానికి మూడుసార్లయినా సహజమే. అంతకన్నా తక్కువైనా, ఉండలుగా గట్టిపడి ముక్కవలసి వస్తున్నా మలబద్ధకమని భావించాలి.

ఈ విషయంలో మా అమ్మగారి దగ్గరే నేను పొరబడ్డాను. డెబ్బై దాటిన ఆమె ఈ బాధ చెప్పినప్పుడు వివరం అడగకుండా విరేచనాల మాత్ర ఇచ్చి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున మరుగుదొడ్డిలో ముక్కుతూ ఆమె స్పృహతప్పి పడిపోయారు. నుదుటికి కుట్లు పడ్డాయి. అప్పుడు గాని నేను పక్కన కూర్చుని అడగలేదు. రాత్రి లేవడానికి మోకాళ్లు సహకరించక, సాయంత్రం నాలుగు దాటితే ఆమె గుక్కెడు నీరు ముట్టడం లేదు. పళ్లు కదిలి, ఆకుకూరలూ పండ్లూ వదిలి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నారు. పైగా నేనే వ్రాసిచ్చిన ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర. రెండూ మలాన్ని గట్టిపరచగలవు. సగం కారణం నా చీటీలోనే ఉన్నది.

ఇనుము మాత్రను రోజు విడిచి రోజుకు మార్చాను. తాగవలసిన నీటిని ఉదయం, మధ్యాహ్నాలకు జరిపాము. మెత్తగా ఉడికిన తోటకూర పప్పు, బీరకాయ కూర, రాగిజావ, బొప్పాయి ముక్కలు ఆమె పళ్లకు ఇబ్బంది కలిగించలేదు. ఉదయపు ఫలహారం ముగిసిన పావుగంటకు, వేగం ఉన్నా లేకున్నా, కొద్దిసేపు తీరికగా కూర్చోమన్నాను. కడుపులో ఆహారం పడగానే పెద్దప్రేగులో కదలిక పుడుతుంది. ఉదయం వేళ అది మరింత బలంగా ఉంటుంది. కుర్చీవంటి దొడ్డిలో పాదాల కింద చిన్న పీట వేశాము. మోకాళ్లు నడుముకన్నా ఎత్తుకు రాగా, గొంతుక్కూర్చున్నప్పటివలె మలద్వారపు మార్గం తిన్నబడుతుంది. నెల తిరగకుండానే విరేచనాల మాత్ర అవసరం తప్పింది.

పెద్దలకు రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. తెల్లన్నం, ఇడ్లీలతో అది సమకూరదు. జామపండు, గోరుచిక్కుడు, శనగలు, కొర్రలు, జొన్నరొట్టె అందుకు తోడ్పడతాయి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. రెండు మూడు వారాలలో క్రమంగా పెంచాలి. ఇసబ్గోల్ మేలైనదే గాని, నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగాలి. నీరు చాలకపోతే అదే లోపల అడ్డుపడగలదు. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు నీటి పరిమాణం వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. సునాముఖి కలిసిన చూర్ణాలను సొంతంగా ఏళ్ల తరబడి వాడడం నాకు సమ్మతం కాదు. ఉపవాస నియమాలు పెద్దలు చెప్పవలసినవి. వృద్ధులూ మధుమేహులూ నీటిని మానరాదని మాత్రం వైద్యునిగా చెబుతాను.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. వాంతులతో కడుపు ఉబ్బి, అపానవాయువు కూడా ఆగిపోతే ఆ గంటలోనే ఆసుపత్రికి చేరాలి.

గత కార్తీకంలో ఒక దాత, సత్రానికి ఏమి చేయిస్తే బాగుంటుందని నన్ను అడిగారు. ఆయన మనసులో ఒక స్వాగత ద్వారం ఉన్నది. నేను మా అమ్మగారి నుదుటి మచ్చ సంగతి చెప్పాను. ఇప్పుడు కింది అంతస్తు మరుగుదొడ్లలో గోడకు పట్టుకునే కడ్డీలు, రాత్రంతా వెలిగే దీపాలు ఉన్నాయి. వరండాలో మంచినీటి కుళాయి కూడా ఉన్నది.