ముందున్న మలుపు గేరుబాక్సుకు తెలుసా?

కపిలేశ్వరపురం దగ్గర గౌతమి ఏటిగట్టు మీద కారు తోలేవారి చేయి, మలుపు కనిపించగానే గేరు రాడ్డు మీదికి పోతుంది. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తోందనుకోండి. అంచుకు జరగాలి, రెండో గేరులోకి దిగాలి, అది దాటగానే బండిని మళ్ళీ లాగించాలి. ఈ లెక్కంతా ముందే కంట్లో తేలిపోతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సుల మీద, ముఖ్యంగా స్పోర్ట్స్ కార్లలో, డ్రైవర్లు రెండు వర్గాలుగా విడిపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

వేగమే కొలమానమైతే వాదన ఎప్పుడో ముగిసింది. 1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రి కారు రేసులో నైజెల్ మాన్సెల్ ఫెరారీ 640తో గెలిచాడు. స్టీరింగు వెనకున్న ప్యాడిల్‌ను లాగితే చాలు, క్లచ్ తొక్కకుండానే గేరు మారేది. ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం మాత్రం మాన్సెల్‌దే. నేటి ఆటోమేటిక్ ఆ నిర్ణయాన్నీ తానే తీసుకుంటుంది. పేచీ అక్కడ మొదలైంది.

డ్యూయల్ క్లచ్ గేరుబాక్సునే చూడండి. ఒక షాఫ్టు మీద 1, 3, 5 గేర్లు, మరో దాని మీద 2, 4, 6. ఒక్కోదానికి ఒక్కో క్లచ్. మూడో గేరులో బండి వేగం పుంజుకుంటుంటే నాలుగోది ముందే జతపడి సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది పట్టుకుంటుంది గనుక ఇంజను లాగుడు తెగదు. అయితే ఆ సిద్ధపాటు యంత్రం చేసుకున్న ఊహ మాత్రమే. మలుపు చూసి డ్రైవరు హఠాత్తుగా రెండో గేరు కోరితే, నాలుగును విడిపించి రెండును జతచేయాలి. ఆ క్షణకాలపు తటపటాయింపు నడిపేవారి ఒంటికి తెలిసిపోతుంది.

మన రోడ్ల మీదికి ఆటోమేటిక్‌ను చౌకగా తెచ్చింది 2014 నాటి మారుతి సెలెరియో. అందులో ఉన్నది మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం యంత్రం చేస్తుంది. ఒకే క్లచ్ కాబట్టి గేరు మారినప్పుడల్లా లాగుడు తెగి కూర్చున్నవారి తల ఊగుతుంది. కపిలేశ్వరపురానికి దిగువన కోటిపల్లి రేవులో ఏరు దాటించే పంటి ఎక్కేటప్పుడు బండిని అంగుళం అంగుళం కదపాలి. హాఫ్ క్లచ్ మీద ఎడమకాలికున్న నేర్పు ఆ యంత్రానికి లేదు. నూనె ద్వారా శక్తినందించే పాత టార్క్ కన్వర్టరే ఇక్కడ ఎంతో మృదువు. మందకొడిదని చాలామంది తీసిపారేసినా, రేవు దగ్గర నా ఓటు దానికే.

2013లో పోర్షే తన 911 జీటీ3ని డ్యూయల్ క్లచ్‌తో మాత్రమే తెచ్చింది. అభిమానులు నొచ్చుకున్నారు. 2017లో మాన్యువల్ తిరిగొచ్చింది. ట్రాకు మీద కాస్త వెనకబడినా గేరు నా చేత్తోనే పడాలి అన్నవారిని ఛాందసులనడానికి నాకు మనసొప్పదు.

యంత్రానికి చూపునిచ్చే ప్రయత్నాలూ జరిగాయి. 2013లో వచ్చిన రోల్స్ రాయిస్ రెయిత్, ఉపగ్రహ సంకేతాలతో ముందున్న మలుపును తెలుసుకుని తగిన గేరు ఎంచుకుంటుంది. కానీ మ్యాపులో ట్రాక్టరు కనిపించదు. 2024లో టొయోటా జీఆర్ యారిస్‌కు ఇచ్చిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, బ్రేకు ఎంత గట్టిగా పడిందో, ఆక్సిలరేటరు ఎలా కదిలిందో గమనించి గేరు మారుస్తుంది. కన్ను చూసిన ట్రాక్టరు వెంటనే కాలికి తెలుస్తుంది గనుక, ఆ కాలిని చదివే ఈ దారే నాకు సరైనదిగా తోస్తోంది.