పశువుల నడకను బట్టి

మామ లాబాను దగ్గర ఇరవై ఏళ్ళు కష్టపడి యాకోబు స్వదేశానికి తిరిగి వస్తున్నాడు. వెంట భార్యలు, బిడ్డలు, దాసదాసీలు, పెద్ద మందలు. ఎదురుగా 400 మందితో అన్న ఏశావు! చంపేస్తాడేమోనని యాకోబు వణికిపోయాడు. కానీ ఆ అన్న పరుగెత్తుకొచ్చి మెడ కౌగిలించుకుని ఏడ్చాడు. ఇక కలిసి వెళ్దాం రమ్మన్నాడు. అప్పుడు యాకోబు, పిల్లలు పసివాళ్ళని, మందలు పాలిచ్చేవని, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా చచ్చిపోతాయని, తాను పశువుల నడకను బట్టి, పిల్లల నడకను బట్టి మెల్లగా వస్తానని జవాబిచ్చాడు (ఆది. 33:13,14). అన్నట్టు, శేయీరుకు వస్తానన్న మాటను మాత్రం ఆయన నిలబెట్టుకోలేదు. ఆ సంగతి వేరే ఆదివారం మాట్లాడుకుందాం.

ఉద్యోగాలు చేసిన రోజుల్లో ఈ వచనాలు చదివి దాటిపోయేవాళ్ళం. మేమిద్దరం టీచర్లం. బడి గంట, బస్సు వేళ, పరీక్షల తేదీలు, వీటితోనే బతుకంతా పరుగు. రిటైరై శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని సొంత ఊరు చేరాక మా సాలలో ఒక ఆవు, దాని పెయ్య, రెండు మేకలు చేరాయి. పెరట్లో పది కోళ్ళు. ఎవరూ పిలవకుండా వచ్చి గుమ్మంలో ఉండిపోయిన కుక్క ఒకటి. యాకోబు మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ఆవుకు మన తొందరతో పనిలేదు. కుడితి తాగాలి, దూడ నాలుగు గుక్కలు చప్పరించాలి, అప్పుడే చేపుతుంది. గదమాయించామా, పాలు ఎగబెట్టేస్తుంది. మాలో ఒకరు పాలు తీస్తుంటే ఇంకొకరు పక్కన పీట వేసుకుని కీర్తన చదువుతారు. పెద్ద కీర్తన వచ్చిన రోజు ఆవుదే ముందు పూర్తవుతుంది!

దేవుని వాక్యం పశువును లెక్కలోనుంచి తీసెయ్యదు. విశ్రాంతి దినం మనిషికే కాదు, ఎద్దుకూ గాడిదకూ ఉంది (నిర్గమ. 23:12). కళ్ళంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదు (ద్వితీ. 25:4). విశ్రాంతి దినాన స్వస్థపరిచాడని తప్పుపట్టినవారితో యేసుప్రభువు మాట్లాడింది కూడా సాలలోని ఎద్దును విప్పి నీళ్ళకు తోలుకెళ్ళడం గురించే (లూకా 13:15). నీనెవెను ఎందుకు కాపాడాడో యోనాకు చెబుతూ దేవుడు లక్షా ఇరవై వేలమంది మనుషులను లెక్కించి, అక్కడితో ఆగక బహు పశువులున్నాయన్నాడు (యోనా 4:11).

ఆ చివరి మాట మాకు 2018 అక్టోబరు 11న బాగా తెలిసింది. తిత్లీ తుపాను తెల్లవారుజామున మా తీరం దాటింది. తుపాను ముందు పశువులను కట్టి ఉంచవద్దని పెద్దలు చెప్పిన మాట గుర్తొచ్చి, రాత్రే పలుపులు విప్పేశాం. తెల్లారి చూస్తే సాల మీద కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉంది. ఊరిచుట్టూ జీడి, పనస, కొబ్బరి అన్నీ నేలమట్టం. ఆవు మాత్రం చర్చి గోడ వారన దూడను కడుపు కింద పెట్టుకుని నిలబడి ఉంది. దారులన్నీ చెట్లతో మూసుకుపోయాయి, కరెంటు లేదు, పాలప్యాకెట్లు రావడం లేదు. ఆ కొద్దిరోజులు వీధిలోని పసిపిల్లలకు దాని పాలే దిక్కయ్యాయి. ఒక్కపూట కూడా ఎగబెట్టలేదు.

ఆ ఆవుకే ఇప్పుడు ముసలితనం వచ్చింది. వట్టిపోయి రెండేళ్ళు. మళ్ళీ కట్టదని పశువుల డాక్టరు తేల్చేశారు. గడ్డి మాత్రం మామూలుగానే తింటుంది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి, ఈ వయసులో మీకీ చాకిరీ ఎందుకు, అమ్మేయండి అంటాడు. బేరగాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. సంతకు వెళ్ళిన ముసలి ఆవు ఏ సాలకు చేరుతుందో, అసలు సాలకే చేరుతుందో లేదో అందరికీ తెలిసిందే. మాంసం తినడం పాపమని మేమనడం లేదు. క్రిస్మస్‌కు మా ఇంట్లోనూ కోడి కోస్తాం. పొరుగు రైతు నిరుడు తన ముసలి ఆవును అమ్మి కూతురి కాలేజీ ఫీజు కట్టాడు. ఆయనను వేలెత్తి చూపే హక్కు నెలనెలా పెన్షన్ అందుకునే మాకు లేదు. కానీ ఆ పెన్షన్ ఉన్నందువల్లే, అవసరం కొద్దీ అమ్ముతున్నామని చెప్పుకోవడానికి మాకు వీల్లేదు.

అలాగని మేమిద్దరం ఒకే మాట మీదా లేము. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, పేడ ఎత్తలేని స్థితి. మనమే పడిపోతే దీన్ని ఎవరు చూస్తారని ఒకరు, పడిపోయిననాడు చూద్దాంలే అని మరొకరు. పెయ్యను, మేకలను పక్కింటివాళ్ళకు సగపాలుకు ఇచ్చేశాం. పుట్టే పిల్లల్లో సగం వాళ్ళవి. ముసలి ఆవును సగపాలుకు ఎవరు తీసుకుంటారు? అది మాకే మిగిలింది.

ఏశావు వెళ్ళిపోయాక యాకోబు తనకొక ఇల్లు కట్టుకుని, పశువులకు పాకలు వేయించాడు. ఆ చోటికి సుక్కోతు అనే పేరు ఆయన ఇంటినిబట్టి రాలేదు, ఆ పాకలనుబట్టి వచ్చింది (ఆది. 33:17). ఈ ముక్క చదివిన రోజే మేము సాలకు కొత్త తాటికమ్మలు కప్పించాం. దండగ ఖర్చని అబ్బాయి ఫోన్లోనే కోప్పడ్డాడు.

పోయిన నెల వచ్చినప్పుడు మళ్ళీ అదే మాట ఎత్తాడు. ఆ రాత్రి ఏదీ తేలలేదు, ప్రార్థన చేసుకుని పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే సాల ఖాళీ. తనే పలుపు విప్పి ఆవును చెరువుకు తోలుకెళ్ళాడు. అరగంటలో రావలసినవాడు గంటన్నరకు వచ్చాడు. టిఫిన్ చల్లారిపోయింది, ఏమిటింత ఆలస్యం అని అడిగాం.

"అది మెల్లగా నడుస్తోందమ్మా" అన్నాడు.